పదకొండు గళ్ళ తేడా

సార్ పోయారని నాకు ఫోన్ చేసి చెప్పింది బాపట్ల కాలేజీ అటెండరు. "మీకు చెప్పమన్నారండి" అన్నాడు. ఎవరు చెప్పమన్నారని అడిగాను. అతను కాస్త ఆగి, "ఆయనేనండి. పోయిన నెల్లో" అన్నాడు.

తనకేమన్నా అయితే ఎవరెవరికి కబురు చెయ్యాలో సార్ ముందే వరసగా చెప్పి రాయించారట. అందులో నాది నాలుగో పేరు. మొదటి పేరు ఎవరిదని అడగకుండా ఉండలేకపోయాను.

"పాలాయనదండి. మర్నాటి నుంచి అరలీటరు తగ్గించమని."

నేనప్పుడు తెనాలిలో మా డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. ఫోన్ పెట్టేసి మిగిలినవి కూడా ఆరేశాను. కిందికొచ్చాక చూసుకుంటే చేతిలో ఇంకా ఒక తడి తువ్వాలు ఉంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా ఆ కాలేజీలో చదివినవాళ్ళెవరూ గుర్తుపట్టరు. అందరికీ ఆయన సిస్టమ్స్ సార్. కంప్యూటర్ ల్యాబులు, సర్వర్ గది ఆయన చేతికింద ఉండేవి. నేను కాంట్రాక్టు మీద ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. పొద్దున్నే తెనాలిలో రైలెక్కి బాపట్లలో దిగేదాన్ని. ఆయన రేపల్లె నుంచి చెరుకుపల్లి, కర్లపాలెం మీదుగా బస్సులో వచ్చేవారు.

చేరిన రోజు ఆయన నన్ను కూర్చోబెట్టి, నా కుడి చెవి వంక చూస్తూ, "ఏ ఊరమ్మా?" అని అడిగారు. తెనాలి అని చెప్పాను. "ఏం చదివావ్?" అన్నారు, చెవి వంకే చూస్తూ. నేను చెయ్యి పెట్టి తడుముకున్నాను. కమ్మ ఉంది. సాయంత్రం ఇంటికెళ్ళి అద్దంలో కూడా చూసుకున్నాను. చెవిలో ఏమీ తేడా కనిపించలేదు.

తరవాత తెలిసింది, ఆయన ఎవరి మొహం వంకా చూడరని. ప్రిన్సిపాల్ గారితో మాట్లాడేటప్పుడు టేబుల్ మీదున్న మంచినీళ్ళ సీసా వంక చూసేవారు. కంప్యూటర్ తెర ముందు కూర్చుంటే కోడి గింజను చూసినట్టు మెడ పక్కకు తిప్పి ఓరగా చూసేవారు. గర్వమని కొందరు, మొహమాటమని కొందరు అనేవారు. మెడ పట్టేసిందేమోనని కెమిస్ట్రీ మేడం ఒకసారి ఆయనకి తైలం తెచ్చిచ్చింది. ఆయన తీసుకుని థాంక్స్ చెప్పి, వారం తరవాత ఖాళీ సీసా కడిగి తిరిగిచ్చారు.

పని నేర్పడంలో ఆయనకొక పద్ధతుండేది. ఏ తప్పు వచ్చినా తెర మీదున్నది పైకి చదవమనేవారు.

"ఏమంటోందమ్మా?"

"ఫైల్ లేదంటోందండి."

"నీకేం అర్థమైందో నేనడగలేదు. అక్కడేముందో చదువు."

చదివేదాన్ని. మధ్యలో ఆపేవారు. "చుక్క చదివావు. చుక్క తరవాత ఖాళీ ఉందా?"

"ఉందండి."

"మరి చదవలేదేం? ఖాళీ కూడా అక్షరమే."

అప్పట్నుంచి ఖాళీని కూడా ఖాళీ అని చదివేదాన్ని. ఏడుసార్లు చదివించిన రోజులున్నాయి. నేను చదువుతూ ఉంటే ఆయన కళ్ళు మూసుకుని కూర్చుని, సరిగ్గా తప్పు దగ్గరికి రాగానే చెయ్యెత్తేవారు. "అక్కడ." ఎప్పుడూ అక్కడే ఉండేది తప్పు.

పిల్లలు ఈ పద్ధతిని క్యాంటీనులో అనుకరించేవారు. గోడ మీద టిఫిన్ల బోర్డు చూసి, "ఇడ్లీ, ఖాళీ, వడ, ఖాళీ, ఉప్మా, ఖాళీ" అని గట్టిగా చదివేవారు. క్యాంటీన్ ఆయన పరుగున బయటికొచ్చి, "ఇంకా ఏదీ ఖాళీ అవలేదు బాబూ" అనేవాడు.

వరండాలో నడిచేటప్పుడు సార్ ఎడమ చెయ్యి గోడకి రాసుకుంటూ నడిచేవారు. గోడల్లో చెమ్మ చూస్తున్నారనుకుని ప్రిన్సిపాల్ ఒక వానాకాలం ఆయన్నే పిలిచి, ఎక్కడెక్కడ చెమ్మ ఉందో రాసిమ్మన్నారు. ఆయన ఏమాత్రం తడుముకోకుండా, "ఫిజిక్స్ ల్యాబ్ పక్కన రెండు చోట్లండి, మెట్ల కింద ఒకచోటండి" అని చెప్పారు. మేస్త్రీ వచ్చి చూస్తే ఆ మూడు చోట్లా నిజంగానే చెమ్మ ఉంది.

ఆయన కంప్యూటర్లో అక్షరాలు బస్సు బోర్డు మీద అక్షరాలంత ఉండేవి. తెర అడ్డంగా ముప్పై అక్షరాలు పడితే గొప్ప. నా తెర మీద అదే వరుసలో నూటయాభై పట్టేవి. ఎందుకింత పెద్దవని ఎవరైనా అడిగితే, "దూరం నుంచి కూడా కనపడాలండి. నేను తిరుగుతూ పనిచేస్తాను" అనేవారు. ఆయన తిరుగుతూ పనిచెయ్యడం నేనెన్నడూ చూడలేదు.

మా పనంతా షెల్‌లో. అంటే నల్లటి తెర, మౌసుతో పనిలేదు, చెయ్యవలసింది టైపు చేసి ఎంటర్ కొట్టాలి. మనం టైపు చెయ్యకముందు అది తన వంతుగా ఒక ముక్క రాసి ఆగుతుంది. ఏ కంప్యూటరు, ఏ ఫోల్డరులో ఉన్నాం అని. దాన్ని ప్రాంప్ట్ అంటారు. నా తెర మీద అది మూలన చిన్నగా ఉండేది. అక్షరానికో గడి అనుకుంటే, ఆయన ముప్పై గళ్ళ తెర మీద వరుసంతా అదే తినేసి, ఆయన టైపు చేసుకోవడానికి నాలుగైదు గళ్ళు మిగిలేవి.

ఒకరోజు నన్ను పిలిచి, "అమ్మాయ్, దీన్ని రెండు వరసలు చెయ్యి. పై వరసలో ఎక్కడున్నానో ఉండాలి. కింది వరసంతా నాకొదిలెయ్యాలి" అన్నారు. ఒక క్షణం ఆగి, "కింది వరస మొదట్లో ఒక గుర్తు పెట్టు. పసుప్పచ్చగా ఉండాలి, కొట్టొచ్చినట్టు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలవాలి" అన్నారు.

పది నిమిషాల పని. ఇంటర్నెట్‌లో ఎవరో రాసిపెట్టినదాన్ని చూసి ఆయన కంప్యూటర్లో రాసేశాను. పై వరుసలో ఫోల్డరు పేరు, కింది వరుసలో పసుప్పచ్చటి గుర్తు. ఆయన మెడ పక్కకు తిప్పి చూసి, "బాగుంది" అన్నారు. ఆయన నోట ఆ మాట అంతకుముందు ఒక్కసారే విన్నామని, అదీ ఏసీ మెకానిక్ గురించని అటెండరు చెప్పాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మా అమ్మకి చెప్పుకున్నాను. ప్రాంప్ట్ అంటే ఏంటో అమ్మ అడగలేదు. సంతోషించింది. ఆ ఉత్సాహంలో మర్నాడు ల్యాబుల్లో కంప్యూటర్లన్నిట్లోనూ అదే పెట్టేశాను.

కొన్నాళ్ళకి ఆయన నన్ను మళ్ళీ పిలిచారు.

"ఇది తొట్రుపడుతోందమ్మా."

"ఏంటండి?"

"పొడుగ్గా టైపు చేస్తే అక్షరాలు ఒకదాని మీద ఒకటెక్కుతున్నాయి. పైబాణం కొట్టి పాత కమాండ్ పిలిస్తే, అంతకుముందుది తుడుచుకుపోవట్లేదు. ముక్కలు మిగిలిపోతున్నాయి."

నేను వంగి ఆయన కీబోర్డు మీదే రెండు మూడు చిన్న కమాండ్లు కొట్టి చూశాను. అన్నీ శుభ్రంగా వచ్చాయి. అవతల ల్యాబ్‌లో పిల్లలు నాకోసం కాచుకుని ఉన్నారు.

"బాగానే ఉందండి. నాకేం తేడా కనపట్లేదు" అన్నాను.

"అలాగా" అన్నారాయన.

మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేనూ మర్చిపోయాను.

ఆ వేసవిలో, ఫైనలియర్ పిల్లల ప్రాజెక్టులు చూడటానికి బయటి నుంచి పరీక్షాధికారులు రావడానికి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక చీరాల అమ్మాయి ల్యాబ్‌లో నా దగ్గరికొచ్చింది. చీరల అంచుల డిజైన్లు గీసే ప్రోగ్రాము ఆ అమ్మాయి ప్రాజెక్టు. వాళ్ళింట్లో మగ్గాలున్నాయి.

"మేడం, మా ఫోల్డరు కనపట్లేదు."

సరిగ్గా చూడమన్నాను. చూశానంది. నేను వెళ్ళి చూశాను. లేదు. పక్క బల్ల దగ్గర నిజాంపట్నం కుర్రాళ్ళు నలుగురు హార్బరులో చేపల వేలం ధరల ప్రోగ్రాము చేస్తున్నారు. వాళ్ళది చూశాను. అదీ లేదు. ఎవరిదీ లేదు. ఈ యేటి ప్రాజెక్టులన్నీ ఉండే పెద్ద ఫోల్డరే లేదు. సర్వర్‌లో స్థలం చాలక పోయినేటి ప్రాజెక్టులు తీసేస్తానని పొద్దున సార్ నాతో అన్నారు. పోయినేటి ఫోల్డరు వెతికాను. అది నిక్షేపంలా ఉంది.

సార్ దగ్గరికెళ్ళి చెప్పాను. ఆయన లేచి నిలబడ్డారు. మళ్ళీ కూర్చున్నారు. "చదువు" అన్నారు. సర్వర్‌లో మిగిలున్న ఫోల్డర్ల పేర్లు ఒక్కొక్కటే చదివాను. ఆయన చెయ్యెత్తలేదు. అయిపోయాక ఇంకోసారి చదవమన్నారు. చదివాను.

"బ్యాకప్ ఎప్పటిది?"

"మూడు వారాల కిందటిదండి."

మూడు వారాలంటే పిల్లలు అసలు పని మొదలుపెట్టడానికి ముందు.

మర్నాడు ప్రిన్సిపాల్ గదిలో మీటింగు పెట్టారు. యాజమాన్యం తరఫున ఒకాయన వచ్చారు. సర్వర్‌లో ఏదైనా తీసేసే పాస్‌వర్డు ఇద్దరి దగ్గరే ఉంది, సార్ దగ్గర, నా దగ్గర. ఆ వచ్చినాయన ఇద్దరిలో ఎవర్ని అడగాలో చాలాసేపు ఆలోచించలేదు.

"ఏమ్మా, నిన్న మధ్యాహ్నం నువ్వేం చేశావు?"

ఏమీ చెయ్యలేదని చెప్పడానికి నోరు తెరిచాను. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుకి అయిపోతుంది. అది ఆ గదిలో అందరికీ తెలుసు.

"ఆ అమ్మాయి కాదండి" అన్నారు సార్, నీళ్ళ సీసా వంక చూస్తూ. "నేను."

"మీరా? పొరపాటున నొక్కారా?"

"కనపడక నొక్కానండి. రెండేళ్ళుగా నాకు చూపు మధ్యలో మచ్చ ఉంది. పక్కలవి కనపడతాయి. ఎదురుగా ఉన్నది కనపడదు. పోయినేటిది అనుకుని ఈ యేటిది తీసేశాను."

ప్రిన్సిపాల్ నీళ్ళ సీసాను మెల్లగా పక్కకు జరిపారు. సార్ చూపు అక్కడే ఉండిపోయింది.

"మరి రెండేళ్ళూ పనెలా చేశారండీ?" అన్నారు ప్రిన్సిపాల్.

"అమ్మాయి చదివేది."

నాకు అప్పటిదాకా తెలియదు. రెండేళ్ళపాటు రోజూ పక్కన కూర్చుని చదివిన మనిషిని. మంచి పద్ధతి, క్రమశిక్షణ అనుకున్నాను. చదవడం నేర్పుతున్నారనుకున్నాను. నేర్చుకున్నాను కూడా.

ఆయనకి రిటైర్మెంటు ఇంకా మూడేళ్ళు ఉంది. స్వచ్ఛందంగా తప్పుకుంటున్నట్టు కాగితం రాసిమ్మన్నారు. ఆయన చెప్పారు, నేను రాశాను. కామా ఎక్కడ పెట్టాలో కూడా చెప్పారు. పరీక్ష వారం వాయిదా పడింది. పిల్లలు రాత్రనక పగలనక కూర్చుని ప్రాజెక్టులు మళ్ళీ చేశారు. ఎవరూ ఫెయిల్ అవలేదు. నిజాంపట్నం కుర్రాళ్ళది రెండోసారి మరింత బాగా వచ్చిందని పరీక్షాధికారి మెచ్చుకున్నాడట.

ఆఖరి రోజు ఆయన్ని బస్టాండు దాకా దిగబెట్టాను. రేపల్లె బస్సు ఆగింది. "ఇది రేపల్లేనా?" అని ఆయన కండక్టర్ని అడిగారు.

"రోజూ ఎక్కేదే కదండీ. రోజూ అడుగుతారేంటి?"

"కళ్ళు కనపడవయ్యా" అన్నారాయన, మొదటిసారి.

కండక్టరు ఆయన వంక చూశాడు. "ఆ ముక్క ముందే చెప్పచ్చు కదండీ" అని చెయ్యి పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

ఆయన కుర్చీ నాకిచ్చారు. కుర్చీతో పాటు కంప్యూటరు. పెద్దక్షరాలు మార్చడానికి మనసొప్పక రెండు రోజులు అలాగే వదిలేశాను. మూడో రోజు ఒక పొడుగాటి కమాండ్ టైపు చేస్తున్నాను. అది తెర కుడి పక్కకు వచ్చి, కింది వరుసలోకి దిగాల్సింది పోయి, అదే వరుస మొదటికి వచ్చి, అంతకుముందు రాసినదాని మీదే రాసుకుంటూ పోయింది. పసుప్పచ్చ గుర్తు కూడా కనపడకుండా పోయింది. పైబాణం కొట్టాను. పాత కమాండ్ వచ్చింది. కానీ అంతకుముందుది తుడుచుకుపోలేదు. ముక్కలు మిగిలాయి.

ఇది తొట్రుపడుతోందమ్మా, అన్నారాయన. నేను చిన్న కమాండ్లు కొట్టి చూసి, బాగానే ఉందన్నాను.

షెల్ మనం కొట్టిన ప్రతి కమాండూ గుర్తుపెట్టుకుంటుంది. ఆ మధ్యాహ్నం ఆయన కొట్టినవన్నీ అందులోనే ఉన్నాయి. ముందు పోయినేటి ఫోల్డరు తెరిచి చూశారు, తరవాత ఈ యేటిది చూశారు. బాణం కీలు అందులో మిగలవు గానీ ఆయన అలవాటు నాకు తెలుసు, వాటితో వెనక్కీ ముందుకీ వెళ్ళి, పాతవాటిల్లో ఒకదాన్ని పిలిచి, చూపించే మాట తీసేసి చెరిపే మాట పెట్టి ఉంటారు. నేనూ అదే వరుసలో అవే కీలు నొక్కాను. చెరిపే మాట బదులు, ఊరికే పేరు రాసి చూపించే మాట పెట్టాను. తెర మీద పెద్దక్షరాల్లో పోయినేటి ఫోల్డరు పేరు ఉంది. నా కళ్ళకి ఏ మచ్చా లేదు. రెండుసార్లు చదివాను. ఖాళీలతో సహా చదివాను. ఎంటర్ కొట్టాను.

జవాబుగా ఈ యేటి ఫోల్డరు పేరు వచ్చింది.

తెర మీద మిగిలింది పాత కమాండ్ తాలూకు ముక్క. అసలు కమాండ్ దాని కింద వేరే ఉంది. ఎవరు కూర్చున్నా అదే కనపడేది. ఎవరు కూర్చున్నా ఈ యేటిదే చెరిపేవారు.

కారణం వెతకడానికి ఒక పూట పట్టింది. రంగు పెట్టడానికి కొన్ని అక్షరాలు రాస్తాం. అవి తెర మీద కనపడవు, రంగు మారుస్తాయంతే. పసుపు మొదలుపెట్టడానికి ఏడు, ఆపడానికి నాలుగు. ఇవి కనపడేవి కావు, లెక్కపెట్టకు అని షెల్‌కి విడిగా చెప్పాలి. వాటికి అటూ ఇటూ బ్యాక్‌స్లాష్‌తో చదరపు బ్రాకెట్లు పెడితే చెప్పినట్టు. చెప్పకపోతే అది వాటిని కూడా లెక్కేసుకుంటుంది. కింది వరుసలో నిజంగా నిండినవాటికంటే పదకొండు గళ్ళు ఎక్కువ నిండాయనుకుంటుంది. ఎక్కడ చెరపాలో, ఎక్కడ రాయాలో అన్నీ పదకొండు గళ్ళ తేడాతో చేస్తుంది. నూటయాభై గళ్ళ తెర మీద కమాండ్ వరుస దాటదు కాబట్టి ఈ తేడా ఎవరికీ తెలియదు. ముప్పై గళ్ళ తెర మీద ప్రతి కమాండూ దాటుతుంది.

ఆ బ్రాకెట్లు నేను పెట్టలేదు. ఎనిమిది కీలు.

పెట్టాను. పై వరుసను కూడా ప్రాంప్ట్‌లోంచి తీసేసి, ప్రాంప్ట్ రావడానికి ముందు విడిగా రాసిపెట్టేలా మార్చాను. షెల్ చేతికి కింది వరుస ఒక్కటే మిగిలింది. పెద్దక్షరాల్లో ఎంత పొడుగు కమాండ్ కొట్టినా బుద్ధిగా కింది వరుసలోకి దిగింది. పైబాణం కొడితే పాతది శుభ్రంగా పోయింది.

ఇది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నా కాంట్రాక్టు కాగితం అప్పటికింకా ప్రిన్సిపాల్ టేబుల్ మీదే ఉంది. తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో రాయడానికి నాకిప్పటికీ సిగ్గుగా ఉంది. పదో రోజు ప్రిన్సిపాల్ దగ్గరికెళ్ళాను.

"సార్ తప్పేం లేదండి. నేను రాసిన ప్రాంప్ట్‌లో తప్పుంది. దానివల్ల తెర మీద పేరే తప్పుగా కనపడింది."

ప్రిన్సిపాల్ సివిల్ ఇంజినీరు. శ్రద్ధగా విన్నారు. "ప్రాంప్ట్ అంటే ఏంటమ్మా?" అన్నారు. చెప్పాను. బొమ్మ వేసి చూపించాను. పదకొండు గళ్ళూ గీసి చూపించాను. ఆయన బొమ్మ వంక చాలాసేపు చూశారు.

"అయితే ఆయనకి కళ్ళు కనపడతాయా?"

"కనపడవండి."

"మరింకేం" అన్నారు. అయినా రాసివ్వమన్నారు. రాసిచ్చాను. ఫైల్లో పెట్టించారు. వారానికి నా కాంట్రాక్టు పొడిగిస్తూ కాగితం వచ్చింది. నేను రాసిచ్చింది ఎవరూ చదవలేదని అప్పుడర్థమైంది.

ఆ ఆదివారం పొద్దున్నే తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. అమ్మ కొన్ని సపోటాలు సంచిలో వేసిచ్చింది. దారిలో వేమూరు, భట్టిప్రోలు వచ్చాయి, పోయాయి. ఏమని మొదలుపెట్టాలో తోచలేదు. రేపల్లెలో దిగి అడిగితే వాళ్ళిల్లు వెంటనే చూపించారు.

సార్ వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. వాళ్ళావిడని నేను చూడటం అదే మొదలు. సన్నగా, పొడుగ్గా ఉన్నారు. సపోటాలు అందుకుని, "టిఫిన్ చేద్దువుగాని కూర్చో అమ్మా" అని లోపలికెళ్ళి ఇడ్లీలు తెచ్చిపెట్టారు. తినకముందే చెప్పెయ్యాలనుకున్నాను. రెండు తిన్నాక చెప్పాను.

సార్ మధ్యలో ఆపలేదు. నేను చెప్పడం అయ్యాక, "నువ్వు రాసిన ఆ లైను చెప్పు" అన్నారు. చెప్పాను. "ఉన్నదున్నట్టు" అన్నారు. ఒక్కొక్క అక్షరం, ఖాళీ, చుక్క, అన్నీ చెప్పుకుంటూ పోయాను. రంగు మొదలయ్యే చోటికి వచ్చేసరికి ఆయన చెయ్యెత్తారు.

"అక్కడ."

"అవునండి. అక్కడేనండి."

"ఎన్ని గళ్ళు?"

"పదకొండండి."

"నేను చెప్పినప్పుడు నువ్వొచ్చి చూశావు కదమ్మా."

"చిన్న కమాండ్లు కొట్టి చూశానండి. పొడుగువి కొట్టలేదు."

"ఊఁ" అన్నారు.

లేచి, గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళారు. బోరింగు కొట్టిన చప్పుడైంది. ముఖం కడుక్కుని, తుడుచుకోకుండానే వచ్చి కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆయనకి కనపడకూడదని కుర్చీ చివరికి జరిగి, పక్కకు తిరిగి ఏడ్చాను.

"పక్కనుంచి ఏడిస్తే నాకు కనపడుతుందమ్మా. ఎదురుగా వచ్చి ఏడువు" అన్నారాయన.

ఎదురుగా వచ్చి కూర్చున్నాను. ఏడుపు ఆగిపోయింది.

"నువ్వు బాగానే ఉందన్నావు చూడు, ఆ రోజున నేను ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఇంక లాభం లేదు, లేనివి కూడా కనపడుతున్నాయి అని." ఆయన గొంతులో కోపం లేదు. సర్వర్ గదిలో ఏసీ గురించి చెప్పినట్టే చెప్పారు. "అయితే ఆ మధ్యాహ్నం తెర మీద పోయినేటిదే ఉంది."

"ఉందండి."

"నేను సరిగ్గానే చూశాను."

"చూశారండి. నేనూ చూశాను. నాకూ అదే కనపడింది."

ఆయన ముఖం మీది నీళ్ళు గడ్డం మీదుగా చొక్కా మీద పడుతున్నాయి. పెదవులు కదిలాయి. నవ్వారని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

"కాలేజీలో చెప్పనా అండీ మళ్ళీ? పెద్దవాళ్ళందరికీ?" అన్నాను.

"ఏమని చెప్తావ్? కళ్ళు లేనాయన సరిగ్గా చూశాడు, కళ్ళున్న అమ్మాయి చూడలేదు అనా? నీ ఉద్యోగం కూడా పోతుంది. ఇద్దరం ఇక్కడే కూర్చోవాలి." ఆగి, "మిగతా ల్యాబుల్లో సరిచేశావా?" అని అడిగారు.

"ఇంకా లేదండి."

"రేపు పొద్దున్నే మొదట ఆ పని చెయ్యి. అన్నిట్లోనూ పొడుగు కమాండ్ కొట్టి చూడు."

అలాగేనన్నాను. ఆయన వంటింటి వైపు తిరిగి కాస్త గొంతు పెంచారు.

"ఇదిగో, విన్నావా? మన ఉద్యోగం పోయింది నా కళ్ళవల్ల కాదంట. ఈ అమ్మాయి వల్లంట. ఇంకో రెండు ఇడ్లీలు పట్రా."

నేను లేచి నిలబడిపోయాను. ఆవిడ ఇడ్లీల గిన్నెతో వచ్చి, నా భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టి, పళ్ళెంలో రెండూ వేసి, చట్నీ వేశారు.

"పోనీలేమ్మా" అన్నారు, గొంతు బాగా తగ్గించి. "ఈయన పొద్దున గడప దాటిన దగ్గర్నుంచి మళ్ళీ ఇంట్లో అడుగుపెట్టేదాకా రెండేళ్ళు నాకు ముద్ద దిగలేదు. ఇప్పుడు తింటున్నాను."

లోపలికెళ్ళి తనకీ ఒక పళ్ళెం తెచ్చుకుని మా మధ్య కూర్చున్నారు.